ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (డిసెంబర్ 18, 1890 - ఫిబ్రవరి 1, 1954) అమెరికాకు చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, రేడియో రంగములో ప్రసిద్ధి చెందిన ఆవిష్కర్త. పునరుత్పాదక వలయము, సూపర్ హెటరోడైన్ గ్రాహకము, విశాల పట్టీ ఎఫ్.ఎం. (పౌనఃపున్య మాడ్యులేషన్) ఇతని ముఖ్యమైన ఆవిష్కరణలు. పాటలు వినిపించే ఎఫ్.ఎం. రేడియో వలననే ఇతని పేరు ఎక్కువగా తెలుసు. అయితే ఈ మూడు ఆలోచనలూ ఒకే పెట్టెలో కలసి పనిచేయడము చూడాలంటే నౌకలలో వాడే వీ.హెచ్.ఎఫ్. రేడియో టెలిఫోనును గమనించాలి. ఈ మూడింటి కోసమూ ఇతడు వ్యాజ్యాలలో చిక్కుకున్నాడు. మొదటిదానిలో ఓడిపోయాడు, రెండవదానిపై హక్కును చాలావరకు పోగొట్టుకున్నాడు, మూడవదానిపై వివాదము తేలకముందే ప్రాణము తీసుకున్నాడు.

బాల్యము, విద్యాభ్యాసము

ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూయార్క్ నగరములోని చెల్సీ ప్రాంతములో జన్మించాడు. తండ్రి జాన్ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో పనిచేసేవాడు. తల్లి ఎమిలీ ఉపాధ్యాయురాలు. చిన్నతనములో సోకిన నరాల జబ్బు వలన ఇతనికి ముఖము, భుజము అప్రయత్నముగా అదిరే లక్షణము మిగిలిపోయింది. రెండేళ్ళపాటు బడికి పోకుండా ఇంటివద్దనే చదువుకున్నాడు. తరువాత కుటుంబము హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్ పట్టణానికి మారింది. మార్కోనీ ప్రయోగాల గురించి చదివి ఆవిష్కర్త కావాలని నిశ్చయించుకున్న ఈ బాలుడు, పెరటిలో 125 అడుగుల ఏంటెన్నా స్తంభమును స్వయముగా నిలబెట్టి దూరపు సంకేతాలు వినేవాడు. ఎత్తులంటే ఇతనికి భయము లేకపోగా విపరీతమైన ఇష్టము ఉండేది. కొలంబియా విశ్వవిద్యాలయములో మైఖేల్ పుపిన్ వద్ద చదివి 1913లో పట్టభద్రుడయ్యాడు.

పునరుత్పాదక వలయము

లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన ఆడియాన్ అనే మూడు ఎలక్ట్రోడుల శూన్యనాళిక (ట్రయోడ్) అప్పటికి వాడుకలో ఉన్నా, అది ఎలా పనిచేస్తుందో దానిని కనిపెట్టినవానికి కూడా సరిగా అర్థము కాలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ విద్యార్థిగా ఉండగానే దాని లోపలి ప్రవాహాలను ఓపికగా కొలిచాడు. నాళిక నుండి వెలువడే సంకేతములో కొంత భాగమును తిరిగి దాని గ్రిడ్‌కు అందిస్తే, అదే సంకేతము మళ్ళీ మళ్ళీ వర్ధనము చెంది ఎన్నో రెట్లు పెరుగుతుందని 1912లో గ్రహించాడు. అంతవరకు చెవికి ఫోన్లు తగిలించుకుని కష్టపడి విన్న సుదూర కేంద్రాల సంకేతాలు గది అంతటా వినబడసాగాయి.

తిరిగి అందించే భాగము ఒక హద్దు దాటినపుడు మరొక వింత జరిగింది. బయటి సంకేతము లేకున్నా నాళిక తనంతట తానే తరంగాలు పుట్టించసాగింది. అంటే గ్రాహకముగా పనికివచ్చే వలయమే ప్రసారిణిగానూ పనికివస్తుంది. పేటెంటుకు తండ్రి డబ్బు ఇవ్వకపోవడముతో, 1913 జనవరి 31న వలయ చిత్రమును నోటరీ చేత ధ్రువీకరింపజేసి ఉంచాడు. అదే సంవత్సరము అక్టోబరులో దరఖాస్తు చేయగా, 1914 అక్టోబరు 6న పేటెంటు లభించింది.

ఆనాటి పునరుత్పాదక గ్రాహకము నౌకల వీ.హెచ్.ఎఫ్. సెట్టులో లేదు. కాని దానినుండి పుట్టిన డోలకము లేనిదే ఆ సెట్టు పనిచేయదు. నేటి సెట్టులోని డోలకము పౌనఃపున్యమును ఒక వోల్టేజి అదుపు చేస్తుంది. డోలకపు పౌనఃపున్యమును ఒక సంఖ్యతో భాగించి, వచ్చిన ఫలితమును క్వార్ట్జ్ స్ఫటికపు స్థిరమైన పౌనఃపున్యముతో పోలుస్తారు. తేడా ఉంటే వోల్టేజి మారి డోలకమును దారికి తెస్తుంది. ఛానెల్ మీట తిప్పినపుడు నిజానికి మారేది ఆ భాజకము మాత్రమే. ఈ ఏర్పాటునే ఫేజ్ లాక్డ్ లూప్ అంటారు. డోలకము పుట్టేదీ, దానిని కట్టడి చేసేదీ రెండూ ఉత్పత్తిని తిరిగి ఆరంభానికి అందించడము వల్లనే.

డి ఫారెస్ట్‌తో వ్యాజ్యము

ఈ ఆవిష్కరణ తనదేనని డి ఫారెస్ట్ వాదించాడు. వ్యాజ్యము దాదాపు 20 సంవత్సరాలు సాగింది. అమెరికా సుప్రీం కోర్టు 1928లోను, మళ్ళీ 1934లోను డి ఫారెస్ట్ పక్షాననే నిలిచింది. న్యాయమూర్తులు సాంకేతిక విషయమును అపార్థము చేసుకున్నారని ఇంజనీర్లలో ఎక్కువమంది భావించారు. పునరుత్పాదక వలయానికి గాను తనకు రేడియో ఇంజనీర్ల సంస్థ ఇచ్చిన మొట్టమొదటి గౌరవ పతకమును ఆర్మ్‌స్ట్రాంగ్ 1934లో ఫిలడెల్ఫియా సభకు తీసుకువెళ్ళి తిరిగి ఇవ్వబోయాడు. సంస్థ దానిని తీసుకొనడానికి నిరాకరించింది. సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కోర్టు తీర్పు మారకపోయినా, తోటివారి తీర్పు మాత్రము ఇతనికే అనుకూలముగా వచ్చింది.

సూపర్ హెటరోడైన్

మొదటి ప్రపంచయుద్ధములో ఆర్మ్‌స్ట్రాంగ్ అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగములో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు. హెచ్చు పౌనఃపున్యపు సంకేతాలను అప్పటి నాళికలు వర్ధనము చేయలేకపోయేవి. 1918లో ఇతడు దానికి చక్కని ఉపాయము కనుగొన్నాడు. వర్ధనము చేయడానికి కష్టమైన పౌనఃపున్యమును, సులభమైన మరొక పౌనఃపున్యముగా ముందే మార్చివేయడము ఆ ఉపాయము. రెండు తంబురా తీగలను కొద్ది తేడాతో శ్రుతి చేస్తే, ఆ తేడాకు తగినట్లు నాదములో హెచ్చుతగ్గులు వినబడతాయి. అలాగే వచ్చిన సంకేతమును స్థానిక డోలకపు తరంగముతో మిశ్రమ వలయములో కలిపితే, రెండింటి తేడాకు సమానమైన పౌనఃపున్యము పుడుతుంది. అసలు సంకేతములోని సమాచారమంతా అందులోకి వచ్చి చేరుతుంది.

నౌకల సెట్టులో దీనిని అంకెలతో చూడవచ్చును. 16వ ఛానెల్ పౌనఃపున్యము 156.8 మెగాహెర్ట్జ్. చాలా సెట్లలో కనిపించే 21.4 మెగాహెర్ట్జ్ మధ్యస్థ పౌనఃపున్యమును తీసుకుంటే, స్థానిక డోలకము 135.4 మెగాహెర్ట్జ్ వద్ద నడవాలి. ఛానెల్ మారితే డోలకమూ అంతే మారుతుంది గనుక తేడా ఎప్పుడూ 21.4 గానే ఉంటుంది. దీనిని మరల 20.945 మెగాహెర్ట్జ్ స్ఫటిక డోలకముతో కలిపి 455 కిలోహెర్ట్జ్‌కు దించుతారు. ఛానెళ్ళ మధ్య దూరము 25 కిలోహెర్ట్జ్ మాత్రమే. 156 మెగాహెర్ట్జ్ వద్ద అంత సన్నని పట్టీని వేరుచేసే ఫిల్టరును చేయడము చాలా కష్టము. 455 కిలోహెర్ట్జ్ వద్ద ఒక చిన్న సిరామిక్ ఫిల్టరు చాలు. అయితే 135.4కు అవతలి వైపున అంతే దూరములో ఉన్న 114 మెగాహెర్ట్జ్ సంకేతము కూడా అదే 21.4ను పుట్టిస్తుంది. ఏంటెన్నా వద్ద ఫిల్టరు ఉంచేది, మొదటి మధ్యస్థ పౌనఃపున్యమును అంత ఎక్కువగా ఎంచుకునేది ఈ నకిలీ సంకేతమును ఆపడానికే.

ఇదే ఊహపై ఫ్రాన్సుకు చెందిన లూసియన్ లెవీ 1917లోనే పేటెంటుకు దరఖాస్తు చేసి ఉన్నాడు. అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ హక్కులు చాలావరకు లెవీకి, ఇతర ఇంజనీర్లకు పోయాయి. ఈ విషయములో లెవీ పాత్రను తక్కువ చేయడానికి వీలులేదు. అయినా దానిని పనిచేసే గ్రాహకముగా మలచినది ఆర్మ్‌స్ట్రాంగ్.

సంపద, వివాహము

1920లో వెస్టింగ్‌హౌస్ సంస్థ మొదటి రెండు ఆవిష్కరణల హక్కులను కొన్నది. 1922లో మరొక వలయపు హక్కులు ఆర్.సి.ఎ. సంస్థకు అమ్మి, ఆర్మ్‌స్ట్రాంగ్ దాని వాటాదారులలో ప్రముఖుడయ్యాడు. ఆ సంస్థ అధికారి డేవిడ్ సార్నాఫ్ ఇతని మిత్రుడు. సార్నాఫ్ కార్యదర్శి మారియన్ మెకిన్నిస్‌ను 1923లో వివాహము చేసుకున్నాడు. పెండ్లి కానుకగా చేతితో మోసుకుపోగల సూపర్ హెటరోడైన్ రేడియోను తానే తయారుచేసి ఇచ్చాడు. ఆ సంవత్సరమే ఆర్.సి.ఎ. ప్రసార స్తంభము కొనకు ఎక్కి ఫోటోలు తీయించుకొనడము సార్నాఫ్‌కు కోపము తెప్పించింది.

ఎఫ్.ఎం.

పిడుగుల వలన, యంత్రాల వలన రేడియోలో వినబడే గరగర శబ్దము ముఖ్యముగా తరంగపు కంపన పరిమితిని మార్చుతుంది. ఎ.ఎం. పద్ధతిలో సమాచారము ఉండేది కూడా అక్కడే గనుక రెండింటినీ విడదీయలేము. మాటను కంపన పరిమితిలో కాక పౌనఃపున్యములో ఉంచాలన్న ఆలోచన పాతదే. కాని ఎ.టి.అండ్‌టి. గణితజ్ఞుడు జాన్ కార్సన్ 1922లో ఎఫ్.ఎం. వలన పట్టీ వెడల్పు ఏమీ తగ్గదని నిరూపించడముతో అది పనికిరాదని చాలామంది వదిలివేశారు. కార్సన్ లెక్క తప్పు కాదు. అందరూ ఎఫ్.ఎం.ను సన్నని పట్టీలో ఇమడ్చాలని చూస్తుండగా, ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టీని కావాలనే వెడల్పు చేశాడు. గ్రాహకములో రెండు కొత్త భాగాలు చేర్చాడు. లిమిటరు అనే వలయము తరంగపు శిఖరాలను సమముగా కత్తిరించి, కంపన పరిమితిలోని మార్పులను తుడిచివేస్తుంది. దాని తరువాతి డిస్క్రిమినేటరు పౌనఃపున్యపు ఊగిసలాటను వోల్టేజిగా, అంటే తిరిగి శబ్దముగా మార్చుతుంది. ఇంకా కొంత రొద తరంగపు దశను కదిలిస్తుంది. పౌనఃపున్యము ఎంత ఎక్కువ ఊగితే ఆ కదలిక అంత అల్పముగా మిగులుతుంది. ఇతని విజయ రహస్యము ఇదే.

1933 డిసెంబరు 26న ఇతనికి ఎఫ్.ఎం. పేటెంట్లు లభించాయి. 1934లో ఎంపైర్ స్టేట్ భవనము నుండి ఆర్.సి.ఎ. ప్రసారిణితో పరీక్షలు జరిపాడు. 1935 నవంబరు 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభకు రెండున్నర మీటర్ల తరంగముపై ప్రసారమును వినిపించాడు. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు, కాగితము నలిపిన చప్పుడు స్పష్టముగా వినబడ్డాయి. నౌకల వీ.హెచ్.ఎఫ్. తరంగము పొడవు సుమారు 1.9 మీటర్లు, అంటే ఆనాటి తరంగానికి దూరము కాదు. తరువాత స్వంత ధనముతో న్యూజెర్సీలోని ఆల్పైన్ వద్ద 400 అడుగులకు పైబడిన స్తంభము నిర్మించి ప్రసారాలు చేశాడు.

ఆర్.సి.ఎ.తో వివాదము, మరణము

ఆర్.సి.ఎ. టెలివిజన్‌కే ప్రాధాన్యము ఇచ్చింది. 1940లో 10 లక్షల డాలర్లు ఒక్కసారిగా ఇస్తామన్నా, ఇతర సంస్థలవలె అమ్మకాలపై రాయల్టీ ఇవ్వాలని ఆర్మ్‌స్ట్రాంగ్ పట్టుబట్టాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో సైన్యానికి మాత్రము తన పేటెంట్లను ఉచితముగా వాడుకోనిచ్చాడు. 1945లో అమెరికా ప్రభుత్వ కమిషన్ ఎఫ్.ఎం. ప్రసారాలను 42-50 మెగాహెర్ట్జ్ నుండి 88 మెగాహెర్ట్జ్‌కు పైనున్న పట్టీకి మార్చింది. దీనితో అప్పటికే అమ్ముడుపోయిన గ్రాహకాలు లక్షల సంఖ్యలో పనికిరాకుండా పోయాయి. టెలివిజన్ శబ్దానికి ఎఫ్.ఎం. వాడుతూ ఆర్.సి.ఎ. రాయల్టీ చెల్లించకపోవడముతో 1948లో దానిపై దావా వేశాడు. విచారణ సాగుతూనే ఉంది. 1950తో పేటెంట్ల గడువు ముగిసింది. ఖర్చులకు సంపద కరగిపోయింది.

1953 నవంబరులో కోపములో భార్య చేతిపై కొట్టాడు. ఆమె ఇల్లు విడిచి సోదరి వద్దకు వెళ్ళింది. రెండు నెలల తరువాత ఆమెకు క్షమాపణ ఉత్తరము వ్రాసి, ఓవర్‌కోటు, టోపీ, చేతి తొడుగులు ధరించి, న్యూయార్క్‌లో తాము నివసించే 13వ అంతస్తు కిటికీ నుండి దూకి మరణించాడు. మృతదేహమును 1954 ఫిబ్రవరి 1 ఉదయము కనుగొన్నారు. వ్యాజ్యాలను మారియన్ కొనసాగించింది. ఆర్.సి.ఎ. 1954 చివరలో 10 లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీ పడింది. ఇతర సంస్థలతో ఒక్కొక్కటిగా పోరాడి, 1967లో మోటరోలా వ్యాజ్యముతో ఆమె అన్నింటినీ ముగించింది.

సముద్రముపై ఎఫ్.ఎం.

1957లో హేగ్‌లో జరిగిన సమావేశము నౌకల వీ.హెచ్.ఎఫ్. టెలిఫోనుకు ఎఫ్.ఎం.ను ఎంచుకున్నది. 1959లో జెనీవాలో ఇది అంతర్జాతీయ నియమావళిలో చేరింది. విశాఖపట్నము రేవుకు వచ్చే నౌక అయినా, రోటర్‌డామ్ చేరే నౌక అయినా 156.8 మెగాహెర్ట్జ్‌పైనే పిలుస్తుంది. ఇక్కడ పౌనఃపున్యపు ఊగిసలాట 5 కిలోహెర్ట్జ్ మాత్రమే. పాటల ఎఫ్.ఎం.లో అది 75 కిలోహెర్ట్జ్. అందువలన ఆర్మ్‌స్ట్రాంగ్ చూపిన నిశ్శబ్దములో కొంత భాగమే నావికునికి దక్కుతుంది, కాని ఇరుకైన పట్టీలో అనేక ఛానెళ్ళు పడతాయి.

మాట్లాడే మీట నొక్కినపుడు మైక్రోఫోన్ సంకేతములోని హెచ్చు స్వరాలను ముందుగా పెంచి, మరీ బిగ్గరగా ఉన్నదానిని కత్తిరించి, డోలకములోని వెరాక్టర్ డయోడుకు అందిస్తారు. వోల్టేజిని బట్టి ఆ డయోడు కెపాసిటెన్సు మారి పౌనఃపున్యము ఊగుతుంది. ఆ తరంగమును 25 వాట్ల వరకు, రేవులో అయితే 1 వాటుకు, వర్ధనము చేసి ఏంటెన్నాకు పంపుతారు. తరంగపు కంపన పరిమితి మారదు గనుక ఈ వర్ధకము నమ్మకముగా రూపమును కాపాడవలసిన పని లేదు. అందుచేత బ్యాటరీ శక్తి ఆదా అవుతుంది.

ఎవరూ మాట్లాడనపుడు డిస్క్రిమినేటరు నుండి బుస్సుమనే రొద వస్తుంది. వాహక తరంగము రాగానే ఆ రొద అణగిపోతుంది. స్క్వెల్చ్ వలయము మాటల స్వరాలకు పైనున్న రొదను కొలుస్తూ, అది తగ్గినపుడే స్పీకరును తెరుస్తుంది.

ఎఫ్.ఎం.లో ఒక లోపమూ ఉంది. ఒకే ఛానెల్‌పై ఇద్దరు మాట్లాడితే లిమిటరు బలమైన దానినే నిలిపి బలహీనమైన దానిని పూర్తిగా మింగివేస్తుంది. మునిగిపోతున్న పడవ పిలుపు దగ్గరి నౌక కబుర్ల క్రింద పడిపోవచ్చును. విమానాలు ఇంకా ఎ.ఎం.నే వాడడానికి చెప్పే కారణాలలో ఇదొకటి. అందులో రెండవ గొంతు ఉన్నదని కనీసము తెలుస్తుంది. 1999 ఫిబ్రవరి 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చిన ప్రపంచ సముద్ర ఆపద వ్యవస్థలో, 156.525 మెగాహెర్ట్జ్ వద్దనున్న 70వ ఛానెల్‌ను సెకనుకు 1200 బిట్ల డిజిటల్ పిలుపులకు మాత్రమే కేటాయించి, దానిపై మాట్లాడడము నిషేధించారు. ఆపద మీటను నొక్కగానే నౌక గుర్తింపు సంఖ్య, స్థానము ఆ ఛానెల్‌పై వెళతాయి.