గ్రంథాన్వేషణపరులు మానవల్లి రామకృష్ణకవి

చేతికి అందిన గ్రంథాన్ని చదివి ఆనందించేవారు లోకంలో పెక్కుమంది కలరు. కంటికి కానరాని గ్రంథం ఒకటి ఉండితీరవలెనని ఇతర గ్రంథాల సాక్ష్యం చేత గుర్తించి, అది లభించే వరకు విశ్రమించని పాఠకులు అరుదు. ఆ అరుదైన వారిలో అగ్రగణ్యులు మానవల్లి రామకృష్ణకవిగారు. 1866లో జన్మించి 1957లో కీర్తిశేషులైన ఈ మహనీయులు సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ సమానమైన ప్రవేశం కలవారు. వారి వార్ధక్యానికి కర్మక్షేత్రమైనది మన తిరుపతి. ప్రాచ్యవిద్యాకళాశాలల్లో పాఠం చెప్పే మనకు వారి చరిత్ర కేవలం స్మరణీయమే కాదు, విచారణీయం కూడ.

ఆంధ్రసాహిత్యంలో వారి పేరు నన్నెచోడునితో ముడివడి ఉన్నది. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయంలోని ప్రతి ఆధారంగా కుమారసంభవ ప్రథమభాగాన్ని 1909లో వారు ప్రకటించినారు. ద్వితీయభాగం 1914లో వెలువడినది. అంతవరకు తెలుగు కావ్యచరిత్ర నన్నయతోనే ఆరంభమని నిశ్చింతగా చెప్పుకొంటున్న పండితలోకానికి ఇది ఒక కుదుపు. జాను తెనుగు, వస్తుకవిత, మార్గదేశి భేదం మున్నగు మాటలు ఈ కావ్యం వలన చర్చలోనికి వచ్చినవి. నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని కవిగారు ప్రతిపాదించినారు. ఈ కాలనిర్ణయాన్ని తరువాతి సాహిత్యచరిత్రకారులలో అధికసంఖ్యాకులు అంగీకరింపలేదు. అంతటితో ఆగక, కావ్యాన్ని కవిగారే రచించి పూర్వకవి పేర ప్రకటించినారేమోనని శంకించినవారు కూడ లేకపోలేదు. గ్రంథాన్ని వెదకి తెచ్చినవానికి గ్రంథచౌర్యానికి విపరీతమైన ఈ అపవాదు, అనగా తన సొత్తును పరుల పేర ప్రకటించినాడన్న నింద, దక్కడం విచిత్రం. అయినను కుమారసంభవం ప్రాచీనకావ్యంగానే మన పాఠ్యప్రణాళికలలో నిలిచినది. కవి ఎవరి తరువాత వాడైనను, కావ్యం మనకు దక్కినది కదా.

మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకాలయం పక్షాన కవిగారు గ్రంథాన్వేషణ చేసినారు. కేరళదేశంలోని తాళపత్రాలు వారి దృష్టిని విశేషంగా ఆకర్షించినవి. 1922లో ఎస్. కె. రామనాథశాస్త్రిగారితో కలిసి వారు చతుర్భాణిని ప్రకటించినారు. శూద్రకుని పద్మప్రాభృతకం, ఈశ్వరదత్తుని ధూర్తవిటసంవాదం, వరరుచి ఉభయాభిసారిక, శ్యామిలకుని పాదతాడితకం అనే నాలుగు భాణాలు అట్లు వెలుగు చూచినవి. దశరూపకాలలో భాణలక్షణాన్ని కంఠస్థం చేసి, లక్ష్యం కొరకు అర్వాచీనుల రచనలనే ఉదాహరిస్తూ వచ్చిన అధ్యాపకులకు ప్రాచీనలక్ష్యాలు నాలుగు ఒక్కసారిగా లభించినవి.

దక్షిణభారతీ గ్రంథమాలలో 1924లో వెలువడిన దండి అవంతిసుందరీకథ మరియొక పాఠం నేర్పుతున్నది. కవిగారికి దొరికినది ఖండితమైన ప్రతి. అందలి ఒక శ్లోకంలో భారవి శబ్దం ప్రథమావిభక్తిలో కనబడినది. దానిని బట్టి దండి ప్రపితామహుడైన దామోదరుడును, కిరాతార్జునీయకర్తయైన భారవియు ఒక్కరే అని వారు తలచినారు. తరువాత తిరువనంతపురంలో లభించిన ప్రతిలో అదే శబ్దం ద్వితీయాంతంగా ఉన్నది. అప్పుడు భారవి వేరు, దామోదరుడు వేరు అని, భారవి ద్వారా దామోదరునికి విష్ణువర్ధనునితో మైత్రి కలిగినదని అర్థం తేలినది. విసర్గకును అనుస్వారానికిని గల భేదం ఒక మహాకవి వంశవృక్షాన్నే మార్చివేసినది. అయితే మొదటి పాఠం అచ్చులో లేకున్న, రెండవ పాఠం లభించిననాడు దాని విలువ గుర్తించేవారెవరు? సందేహానికి ఆస్పదమైన పాఠాన్నైనను లోకం ముందుంచినందువలననే సమాధానం వచ్చినది.

ఈ ధర్మమే అభినవభారతి విషయంలో మరింత స్పష్టం. పాఠశాలల్లో కావ్యప్రకాశ చతుర్థోల్లాసం చదివేటప్పుడు లోల్లట, శంకుక, భట్టనాయక మతాలను మమ్మటుడు సంగ్రహించినంతవరకే గ్రహించేవారము. వాటిని విస్తరించి పరీక్షించిన అభినవగుప్తుని నాట్యశాస్త్రవ్యాఖ్య నష్టమైనదనే అనుకొనేవారు. కాశ్మీరంలో పుట్టిన ఆ వ్యాఖ్య కేరళదేశపు తాళపత్రాలలో ప్రాణం నిలుపుకొని ఉండినది. కవిగారి పరిష్కరణతో బరోడాలోని గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో 1926లో మొదటి సంపుటం, 1934లో రెండవది, 1954లో మూడవది వెలువడినవి. నాల్గవది వారి మరణానంతరం 1964లో పూర్తియైనది. ఒక్క గ్రంథానికి ముప్పదియెనిమిదేండ్లు పట్టినదన్నమాట.

మాతృకలు ఎంత అశుద్ధాలో వారికి తెలియనిది కాదు. అభినవగుప్తుడే స్వర్గం నుండి దిగివచ్చి చూచినను తన పాఠాన్ని తాను సులభంగా సరిదిద్దుకొనలేడని ఒక పండితమిత్రుడు అన్న మాటను వారు పీఠికలో దాచక చెప్పినారు. సప్తమాధ్యాయంలో అధికభాగానికి, అష్టమాధ్యాయానికి వ్యాఖ్య లభింపనేలేదు. వారి పాఠనిర్ణయాలను తరువాతివారు విమర్శించినారు. 1956లో కె. ఎస్. రామస్వామిశాస్త్రిగారు మొదటి సంపుటాన్ని పునఃపరిష్కరించినారు. అది న్యాయమే. కాని నిర్దుష్టమైన ప్రతి లభించే వరకు అచ్చు వద్దని కవిగారు ఊరకుండినచో, విమర్శకునికి విమర్శింపదగిన వస్తువే ఉండేది కాదు. ఈ శతాబ్దంలోను గడచిన శతాబ్దంలోను రసచర్చ అంతయు ఆ ముద్రణపైననే నిలిచి ఉన్నది.

తిరుపతిలో దేవస్థానంవారు 1939లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థ వారి వృద్ధాప్యానికి ఆలవాలమైనది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు సేవించిన సంస్థ అది. 1951లో దేవస్థానం ప్రచురణగా వారి భరతకోశం వెలువడినది. అప్పటికి వారి వయస్సు ఎనుబదియైదు సంవత్సరాలు. నాట్య సంగీత శాస్త్రాల పారిభాషికపదాలకు ముద్రితాముద్రిత గ్రంథాల నుండి లక్షణాలను ఏర్చి అకారాదిగా కూర్చిన కోశమిది. రాగం, తాళం, కరణం, అభినయం అన్నిటికిని ఇందులో స్థానం కలదు. ఒక జీవితకాలం చదివినదంతయు ఒక్కచోట రాసిపోసి తరువాతివారికి అప్పగించినట్లున్నది. చదివిన గ్రంథాన్ని తన సొత్తుగా దాచుకొనక, అక్షరక్రమంలో పరులకు సులభం చేయడం కంటె గ్రంథప్రీతికి వేరొక నిదర్శనం ఏమి కావలెను?

కవిగారి జీవితం మనకు రెండు విషయాలు చెప్పుతున్నది. గ్రంథాన్ని తెచ్చినవాడు మాతృక ఎక్కడిది, ఎన్ని పత్రాలు, ఏ లిపి, ఎక్కడ శిథిలం అనే వివరాలను పూర్తిగా ఇయ్యవలెను. లేనిచో అతని నిజాయితీకే శంక కలుగుతుంది. ఇది మొదటిది. దోషభయం చేత గ్రంథాన్ని చీకటిలో ఉంచరాదు. ఇది రెండవది. దోషాన్ని దిద్దే పండితుడు ఎప్పుడైనను పుట్టగలడు; పురుగు తినివేసిన పత్రం మరల పుట్టదు.

తిరుపతి సంస్థ తరువాత విశ్వవిద్యాలయానికి చెందినది. అందలి తాళపత్రాలు నేటికిని పాఠకుల కొరకు ఎదురుచూస్తున్నవి. నందినాగరి, గ్రంథలిపులు చదువగలవారి సంఖ్య ఏటేట తగ్గుతున్నది. ప్రతి ప్రాచ్యకళాశాలలోను ఒక్క అధ్యాపకుడు, ఒక్క శిష్యుని వెంటబెట్టుకొని, ఏడాదికి ఒక్క ప్రతిని ఆమూలాగ్రం చదివి విషయసూచిక వ్రాసిన చాలును. రామకృష్ణకవిగారి ఋణం కొంతకు కొంత తీరగలదు.