కర్నల్ కాలిన్ మెకంజీ

ఛాయాచిత్రకళ ఇంకను పుట్టని దినములలో మన గుడుల రూపమును, గ్రామముల చరిత్రను కాగితముపై నిలిపిన వాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండులోని స్టోర్నవేలో జన్మించి, 1783లో మదరాసు చేరి కంపెనీ సైన్యమున ఇంజనీరయ్యెను. 1794లో శ్రీశైలమునకు పోయి, ప్రాకారశిలలపై మలచిన శిల్పములను వర్ణించి వ్రాసెను.

ఆయనకు మన భాషలు రావు. ఏలూరు కావలి సోదరులే ఆయనకు కన్నులు, చెవులు. బొర్రయ్య 1803లో అకాలమరణము నొందగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. 1800లో దత్తమండలములు కంపెనీ వశమైన పిదప, మెకంజీ సహాయకులు కడప, కర్నూలు సీమల గ్రామములు తిరిగి, కరణముల కవిలెలు పరిశీలించి, శాసనములకు నకళ్లు తీసి, వృద్ధుల మాటలు వ్రాసికొనిరి. అవియే కైఫీయతులు.

1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన మెకంజీ 1821 మే 8న కలకత్తా సమీపమున మరణించెను. కంపెనీవారు ఆ సేకరణను లక్ష రూపాయలకు కొనిరి. తరువాత శిథిలమగుచున్న పత్రములకు సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించెను.

గుడి కట్టించిన దాత పేరు, చెరువు త్రవ్వించిన వాని పేరు నేడు పెక్కు గ్రామములకు తెలియుట ఆ కాగితముల చలువయే. వ్రాసి దాచినదే నిలుచును.