సూక్ష్మ ప్రపంచాన్ని చూసిన బట్టల వర్తకుడు

హాలెండ్ దేశంలోని డెల్ఫ్ట్ పట్టణంలో 1632 అక్టోబరు 24న ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ జన్మించాడు. తండ్రి బుట్టలు అల్లేవాడు. ఆయన చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. ఉన్నత విద్య చదివే అవకాశం కలగలేదు. పదహారవ ఏట ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి బట్టల వ్యాపారం నేర్చుకొన్నాడు. 1654లో డెల్ఫ్ట్‌కు తిరిగివచ్చి బట్టల కొట్టు పెట్టాడు.

ఆనాటి వర్తకులు బట్టలోని నేతను భూతద్దంతో పరీక్షించేవారు. లీవెన్‌హుక్ కటకాలను తానే తయారుచేయసాగాడు. ఆవగింజంత కటకాన్ని రెండు లోహపు రేకుల మధ్య బిగించి, దాని ముందు సూది మొనపై వస్తువునుంచి, కంటికి దగ్గరగా పట్టుకొని చూసేవాడు.

అదే కాలంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ రెండు ముఖ్య కటకాలు గల సంయుక్త సూక్ష్మదర్శినిని వాడాడు. నేడు పాఠశాలల్లో మనం చూసేది ఆ రకానిదే. దాని కింద ఒక అక్షరాన్ని ఉంచితే తలకిందులుగా కనిపిస్తుంది. ఎందుకు? అక్షరం పై అంచు నుండి వచ్చిన కాంతి వస్తు కటకం గుండా పోయి ప్రతిబింబంలో కింది వైపుకు చేరుతుంది. కింది అంచు నుండి వచ్చిన కాంతి పై వైపుకు చేరుతుంది. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. అక్షి కటకం ఈ ప్రతిబింబాన్ని పెద్దది చేస్తుందే గాని, తిరిగి నిటారుగా చేయదు.

లీవెన్‌హుక్ పరికరంలో ఉన్నది ఒకే కటకం. కనుక భూతద్దంలో వలె వస్తువు నిటారుగానే కనిపించేది. ఆనాటి సంయుక్త సూక్ష్మదర్శినులలో బొమ్మ అంచుల వద్ద రంగులు చేరి మసకబారేది. ఆయన కటకాలు మాత్రం స్పష్టంగా చూపేవి. వాటిలో ఒకటి వస్తువును 200 రెట్లకు మించి పెద్దదిగా చూపగలదు.

మిరియాలు నానబెట్టిన నీటిలోనూ, వాన నీటిలోనూ కంటికి కనిపించని ప్రాణులు కదలాడుతున్నాయని 1676లో ఆయన లండన్ రాయల్ సొసైటీకి తన మాతృభాషలో ఉత్తరం రాశాడు. అక్కడి పండితులు నమ్మలేకపోయారు. వారి తొలి ప్రయత్నాలలో ఏమీ కనిపించలేదు. అయినా లీవెన్‌హుక్ మాట మార్చలేదు. తెలిసిన పెద్దలకు ఆ ప్రాణులను చూపి, వారి సాక్ష్యపత్రాలు పంపాడు. 1677 నవంబరులో హుక్ స్వయంగా వాటిని చూసి, సభ్యులకు చూపించాడు. 1680లో రాయల్ సొసైటీ ఆ బట్టల వర్తకుణ్ణి తన సభ్యునిగా ఎన్నుకొన్నది.

తొంభై ఏళ్లు జీవించి, 1723 ఆగస్టు 26న లీవెన్‌హుక్ మరణించాడు. పెద్ద చదువులు లేకపోయినా, చూసినదాన్ని చూసినట్లు చెప్పి, సందేహించిన వారికి చూపించి ఒప్పించిన ధీరుడాయన.