యుద్ధం అయిపోయాక వచ్చిన మందు

మా తిరుమలగిరిలో నా చిన్నప్పుడు ఆశా అక్క ఇంటికొచ్చి, బోదకాలు రాకుండా మాత్రలు ఇచ్చేది. మింగేదాకా కదిలేది కాదు. నేను ఒకసారి మింగినట్టు నటించి దిండు కింద దాచాను కూడా. ఆ మాత్ర పేరు డీఈసీ. దాని వెనక ఒక తెలుగాయన, ఒక యుద్ధం ఉన్నాయని ఈమధ్యే తెలిసింది.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు (బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు గమనించాలి ఫ్రెండ్స్!). మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. 1922లో బోస్టన్ వెళ్లారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి శరీరంలోని ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అయినా పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు.

అప్పటికే రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. అమెరికా మామూలు జనం ఐడియాలు తీసుకోవడానికి 1940లో ఇన్వెంటర్స్ కౌన్సిల్ పెట్టింది. యూనివర్సిటీలనీ కంపెనీలనీ యుద్ధ పరిశోధనలోకి తేవడానికి 1941లో ఇంకో ఆఫీసు తెరిచింది. రాడార్ల సంగతి మనకి తెలుసు. కానీ సమోవా లాంటి పసిఫిక్ దీవుల్లో నావికుల్నీ మెరైన్లనీ దెబ్బతీసింది దోమ. వేలమందికి ఫైలేరియా సోకింది. కాళ్లు వాచిపోతాయని, పిల్లలు పుట్టరని వాళ్లకి ఒకటే భయం. సరైన మందు లేదు.

లెడర్లీలో సుబ్బారావు పరిశోధన డైరెక్టర్ అయ్యారు. భారతీయులకి 1946 దాకా అమెరికా పౌరసత్వమే ఇచ్చేవాళ్లు కాదు. అంటే తనని సొంతమనిషిగా ఒప్పుకోని దేశం సైనికుల జబ్బుకి ఆయన టీం మందు వెతికింది. ఒక్కో రసాయనాన్నీ ఫైలేరియా ఉన్న ఎలుకల మీద పరీక్షించారు. పని చేసింది డీఈసీ. అది రక్తంలో తిరిగే పిల్లపురుగుల్ని తగ్గిస్తుంది. దాంతో దోమ ఇంకొకరికి జబ్బు మోయలేదు.

ఆ ఫలితం బయటికొచ్చింది 1947లో. యుద్ధం 1945లోనే ముగిసింది. నావికులకి లేటయింది. మనకి కాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే చనిపోయారు. తన మందు భీమవరం చుట్టుపక్కల ఊళ్లకి, మా ఊరికి రావడం ఆయన చూడలేదు.

ఇప్పుడైతే ఆ మాత్ర దిండు కింద దాచను.