మే 5 దావత్ వెనక ఉన్న గొర్రెల కాపరి

హాలియా, మిర్యాలగూడ, కోదాడ నుంచి చదువుకో, కొలువుకో అమెరికా పోయిన పిల్లలు మే మొదటి వారంలో ఇంటికి పంపే ఫొటోల్లో ఒక్కోసారి ఒక మెక్సికన్ హోటల్ కనబడుతుంది. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు జెండాలు, రంగు కాగితాల తోరణాలు, పెద్ద టోపీలు పెట్టుకుని గిటార్లు వాయించేవాళ్లు. సింకో దె మాయో అంటారు. స్పానిష్‌లో మే 5 అనే దాని అర్థం. మెక్సికోకు ఆజాదీ వచ్చిన రోజని చాలామంది అనుకుంటారు. కాదు, అది సెప్టెంబర్ 16. మెక్సికోలో ఈ మే 5 సందడి పువెబ్లా పట్టణంలోనే ఎక్కువ. అమెరికాలో మాత్రం బీరు కంపెనీలు దీన్ని అమ్మకాల పండగ చేసి పెట్టాయి.

మొదట్లో ఇది ఇట్లా లేదు. 1862లో కాలిఫోర్నియాలో ఉన్న మెక్సికన్లు తమ దేశ సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిందని విని ఊరూరా కమిటీలు కట్టారు. తలా ఇంత చందా వేసుకుని, యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి పంపారు. ఆ దావత్‌లు చందాల కోసం పెట్టుకున్నవి. ఆ డబ్బు చేరాల్సిన ప్రభుత్వానికి పెద్ద బెనితో హువారెస్. అప్పటికి ఆయన ఖజానాలో ఏమీ లేదు.

ఈ పేరు మనకు మరీ కొత్తదేం కాదు. ఢిల్లీ ధౌలాకువాలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వెంకటేశ్వర కాలేజీ ఉన్న రోడ్డు ఆయన పేరు మీదిదే. బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు చూసి అందరూ జువారెజ్ అంటారు. ఆ కాలేజీలో చదివిన తెలుగు పిల్లలు ఎన్ని వేలసార్లు ఆ అడ్రసు రాసి ఉంటారో!

హువారెస్ 1806 మార్చి 21న ఒహాకా రాష్ట్రంలోని గెలతావ్ అనే కొండ పల్లెలో పుట్టాడు. వాళ్లది సాపొతెక్ తెగ. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్లు. మూడేళ్లకే అమ్మానాన్న ఇద్దరూ పోయారు. యతీం అయిన పిల్లవాణ్ని ముందు తాతా నాయనమ్మలు, వాళ్లూ పోయాక బాబాయి సాకారు. గొర్రెలు కాయడం పని. కోర్టు, కచేరీ, బడి అన్నీ స్పానిష్‌లో నడిచేవి. వాడికి ఆ భాష రాదు. బాబాయి తనకు తెలిసిన నాలుగు మాటలు నేర్పితే అవే వచ్చు.

1818 డిసెంబర్ 17న, పన్నెండేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా అరవై కిలోమీటర్లకు పైగా నడిచి ఒహాకా పట్టణం చేరాడు. వాళ్ల అక్క హొసేఫా అక్కడ ఆంతోనియో మాసా అనే వర్తకుడి ఇంట్లో వంట చేసేది. తర్వాత పుస్తకాలకు బైండింగ్ చేసే సలనువేవా అనే భక్తుడు పిల్లవాణ్ని ఇంట్లో పెట్టుకుని, పని చెబుతూ, బడికి పంపాడు. చర్చి వాళ్ల సెమినరీలో వేశారు. పాదిరీ కావాలని పెద్దాయన ఆశ. కుర్రాడు వకీలు అయ్యాడు. 1843లో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు మార్గరీతా మాసా. అక్క వంట చేసిన ఇంటి ఆడపిల్లే.

1847లో ఒహాకా గవర్నర్ అయ్యాడు. 1853లో నియంత సాంతా అనా దేశం నుంచి వెళ్లగొడితే అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో చుట్టలు చుట్టి పొట్టపోసుకున్నాడు. ఒక రాష్ట్రాన్ని ఏలినవాడు చుట్టలు చుట్టడం చిన్న సంగతి కాదు. మన దగ్గర అదే ఏడు, సైన్యం ఖర్చుల బాకీ చూపించి ఇంగ్లీషువాళ్లు నిజాం చేతుల్లోంచి బేరార్‌ను తీసుకున్నారు. అప్పు పేరుతో నేలను లాక్కోవడం ఆ కాలంలో దొరలకు బాగా అలవాటైన పని. ఆ దెబ్బ హువారెస్‌కూ తగిలింది.

1855లో మంత్రి అయ్యాక ఆయన తెచ్చిన చట్టం పాదిరీలకు, సైన్యాధికారులకు ఉన్న సొంత కోర్టుల అధికారానికి కోత పెట్టింది. గొర్రెల కాపరికి ఒక న్యాయం, పటాలం అధికారికి ఒక న్యాయం ఉండకూడదన్నది ఆయన పట్టు. 1857లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అది పడని వర్గాలు తిరగబడి రాజధానిని పట్టుకున్నాయి. సుప్రీంకోర్టు పెద్దగా ఉన్న హువారెస్ చట్టప్రకారం 1858లో అధ్యక్షుడయ్యాడు. మూడేళ్లు అంతర్యుద్ధం. ఆ గొడవల్లోనే 1859లో పుట్టుక, పెళ్లి, చావు నమోదు చేసే పని చర్చి నుంచి సర్కారు దఫ్తరుకు మార్చాడు. బర్త్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు ఈ సంగతి విలువ చెప్పక్కర్లేదు.

యుద్ధం గెలిచేసరికి దేశం దివాలా తీసింది. 1861 జులై 17న విదేశీ అప్పుల చెల్లింపులను రెండేళ్లు ఆపుతున్నామని ప్రకటించారు. సరిగ్గా నాలుగేళ్ల ముందు, 1857లో అదే తారీఖున, హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేశాడు. బాకీ వసూలంటూ బ్రిటన్, స్పెయిన్, ఫ్రాన్స్ మూడూ ఓడలు పంపాయి. మొదటి రెండూ బేరం కుదుర్చుకుని వెనక్కి పోయాయి. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పోలేదు. ఆయనకు బాకీ ఒక సాకు.

1862 మే 5న పువెబ్లా దగ్గర ఫ్రెంచి దండును మెక్సికో సైన్యం ఆపింది. నడిపించింది ఇగ్నాసియో సరగోసా, ముప్పై మూడేళ్లవాడు. ఆయన పుట్టిన చోటు ఇవాళ టెక్సాస్‌లో ఉంది. నాలుగు నెలలకే టైఫాయిడ్‌తో చనిపోయాడు. హోటళ్లలో జరిగే దావత్ ఈ ఒక్క రోజు గెలుపుది. తర్వాతి సంగతి అక్కడ ఎవరూ మాట్లాడరు. మరుసటి ఏడు ఫ్రెంచివాళ్లు ఇంకా పెద్ద సైన్యంతో వచ్చి పువెబ్లాను, రాజధానినీ తీసుకున్నారు.

ఈ యుద్ధంలో ముస్లిం సిపాయిలు కూడా ఉన్నారు. వెరాక్రూజ్ రేవులో పచ్చజ్వరం ఫ్రెంచి సైనికులను ఈగల్లా రాలుస్తుంటే, నెపోలియన్ అడిగాడని ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా 1863లో సుమారు 450 మంది సూడాన్ సిపాయిలను ఓడెక్కించాడు. వాళ్లలో చాలామంది బలవంతంగా పట్టుకొచ్చినవాళ్లే. మెక్సికో ఎక్కడుందో, ఎవరి మీద తుపాకీ ఎత్తుతున్నారో వాళ్లనెవరు అడిగారు? నాలుగేళ్లు కొట్లాడి, మిగిలినవాళ్లు 1867లో తిరిగి పోయారు.

హువారెస్ 1863 మే 31న రాజధాని వదిలాడు, దేశం వదల్లేదు. ఒక నల్ల గుర్రబ్బండిలో కాగితాలు, ముద్రలు వేసుకుని ఊరు తర్వాత ఊరు ఉత్తరానికి జరిగాడు. బండి ఎక్కడ ఆగితే అదే రాజధాని. చివరికి అమెరికా సరిహద్దు మీది పాసో దెల్ నోర్తె చేరాడు. నది దాటితే ప్రాణానికి భయం లేదు. దాటలేదు. ఆ ఊరే ఇప్పుడు సియుదాద్ హువారెస్. మరోవైపు ఫ్రాన్స్ అండతో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ 1864లో వచ్చి చక్రవర్తిగా కూర్చున్నాడు. పిల్లలతో న్యూయార్క్ చేరిన మార్గరీతా అక్కడే ఇద్దరు కొడుకులను పోగొట్టుకుంది. మట్టి ఇవ్వడానికి తండ్రి పోలేకపోయాడు.

ఫ్రెంచి సైన్యం వెళ్లిపోయాక మాక్సిమిలియన్ పట్టుబడ్డాడు. విక్టర్ హ్యూగో, గరీబాల్దీ వంటివాళ్లు క్షమించమని రాశారు. హువారెస్ వినలేదు. 1867 జూన్ 19న కెరెతరో దగ్గర కాల్చి చంపారు. వదిలేస్తే మళ్లీ ఇంకో సైన్యంతో వస్తాడన్న భయం ఉట్టిది కాదు. కానీ ఓడి చేతికి చిక్కినవాణ్ని చంపడం ఆయన పేరుకు అంటిన మరకే అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఇంతకన్నా పెద్ద ఫిర్యాదు ఆయన సొంతవాళ్లది. చర్చి భూములు అమ్మించాలని 1856లో ఆయన పక్షం వాళ్లు తెచ్చిన చట్టం పల్లెల ఉమ్మడి భూములకూ వర్తించింది. తెగలవాళ్ల పొలాలు, బీళ్లు మెల్లగా పెద్ద జమీందార్ల పాలయ్యాయి. గెలతావ్ లాంటి పల్లెలో పుట్టినవాడి చేతిలో అధికారం ఉండగా కూడా ఇది ఆగలేదు. కుర్చీ కూడా ఆయన వదల్లేదు. 1871లో మళ్లీ పోటీ చేస్తే, ఒకప్పుడు ఆయన కింద పోరాడిన పోర్ఫిరియో దియాస్ తిరగబడ్డాడు. ఆ దియాసే తర్వాత మూడు దశాబ్దాలు దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

ఆ ఏడు జనవరిలోనే మార్గరీతా పోయింది. 1872 జులై 18న గుండెనొప్పి పట్టి నేషనల్ ప్యాలెస్‌లోనే హువారెస్ చనిపోయాడు. 66 ఏళ్లు. ఆయన పుట్టినరోజు మెక్సికోలో జాతీయ సెలవు. మెక్సికో నగరంలో శాన్ ఫెర్నాందో శ్మశానంలో మార్గరీతా పక్కనే ఆయన సమాధి ఉంది.