కుమారి ఫ్రాన్సెస్ విలర్డు

త్రాగుడు పాడుచేసిన కాపురముల నెఱుగని పల్లె మన ప్రాంతమున లేదు. ఆ నష్టమును మొదట ననుభవించువారు ఇల్లాండ్రు. అట్టి యిల్లాండ్రనే కూడగట్టి పానశాలలపై పోరు నడపిన అమెరికా వనిత చరిత్రము మన సోదరీసోదరులు తెలిసికొనదగినది.

ఈమె 1839వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి చర్చివిల్ గ్రామమున జన్మించెను. బాల్యము విస్కాన్సిన్ రాష్ట్రమున పొలముల నడుమ గడచెను. 1862లో చెల్లెలు మేరీ పందొమ్మిదేండ్ల ప్రాయమున గతింపగా, ఆ దుఃఖమునుండియే ఈమె తొలి గ్రంథము 1864లో వెలువడెను.

పెక్కు పాఠశాలల బోధించి, 1871లో ఇవాన్‌స్టన్ స్త్రీల కళాశాలకు అధ్యక్షురాలయ్యెను. ఆ కళాశాల 1873లో నార్తువెస్టర్న్ విశ్వవిద్యాలయమున గలిసెను. దాని యధ్యక్షుడు ఫౌలరు పూర్వము ఈమెకు నిశ్చితవరుడు. ఆ వివాహము జరుగలేదు. అధికారవిషయమున వారిరువురకు పొసగక, 1874లో ఈమె ఉద్యోగమును వదలుకొనెను. జీతము పోయినది, తల్లిని పోషింపవలసిన భారము మిగిలినది.

అంతకు ముందటి శీతకాలమున ఒహాయో రాష్ట్రపు స్త్రీలు సారాయంగళ్లలో మోకరిల్లి ప్రార్థనలు సల్పియుండిరి. పిట్స్‌బర్గులో ఒక పానశాలయందు ఈమెయు అట్లే మోకరిల్లెను. 1874 నవంబరులో క్లీవ్‌లాండున స్త్రీల క్రైస్తవ మద్యనిషేధ సంఘము వెలసినపుడు కార్యదర్శియై, 1879 మొదలు మరణపర్యంతము అధ్యక్షురాలుగ నుండెను. సభ్యురాండ్ర సంఖ్య లక్షను మించెను.

ప్రార్థనలతోనే అంగళ్లు మూతపడవని ఈమె గ్రహించెను. అంగడికి అనుమతి నిచ్చువారు వోటుగల పురుషులు. వోటులేని భార్య యేమి చేయగలదు? కాన గృహరక్షణకై స్త్రీకి వోటు కావలెనని వాదించెను. సంఘములోని వారే పలువురు తొలుత దీనికి జంకిరి. కడపటి యేండ్లలో దారిద్ర్యమే త్రాగుడునకు హేతువని కూడ చెప్పసాగెను. 1883లో స్త్రీలను మద్యనిషేధమును గూర్చిన గ్రంథమును, 1889లో స్వీయచరిత్రమును ప్రకటించెను. మన పండిత రమాబాయి అమెరికాలో నుండగా ఈమె స్నేహమును పొందెను. యాబది దాటిన వయస్సున సైకిలు నేర్చి, ఆ ముచ్చటను 1895లో పుస్తకముగ వ్రాసెను. మన పెద్దలు నవ్వుదురేమో!

ఒక మచ్చ దాచరాదు. 1890లో నీగ్రోజాతిని త్రాగుడుతో ముడివెట్టి ఈమె పలికిన మాటలను ఐడా వెల్సు అను నీగ్రో వనిత 1894లో ఇంగ్లండున ప్రకటించి నిలదీసెను. ఒక జాతినంతటిని త్రాగుబోతులుగ నెంచుట యెట్టి యన్యాయమో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

1898 ఫిబ్రవరి 17వ తేదీన న్యూయార్కున మరణించెను. 1905లో వాషింగ్టను శాసనసభామందిరమున ఈమె విగ్రహమును నిలిపిరి. ఆ శిలామూర్తుల నడుమ చేరిన మొదటి స్త్రీ ఈమెయే. మద్యనిషేధశాసనము 1920లో అమలునకు వచ్చి 1933లో రద్దయ్యెను. వోటు హక్కు 1920లోనే లభించి నిలిచియున్నది.