దారా షికో

మొగలు చక్రవర్తి షాజహాను కుమారులలో దారా షికో జ్యేష్ఠుడు. అతడు 1615వ సంవత్సరమున అజ్మీరు నగరమున జన్మించెను. అతని తమ్ములు షూజా, ఔరంగజేబు, మురాదు. తండ్రి వారిని దూరపు సుబాలను పాలింప పంపి, దారాను మాత్రము తన చెంతనే యుంచుకొనెను. సింహాసనము దారాదే యని పలువురు తలచుచుండిరి.

దారాకు ఆయుధములకన్న గ్రంథములపై మక్కువ యెక్కువ. అతడు లాహోరులో మియాన్ మీర్ అను సూఫీ మహాత్ముని దర్శించి, ఆయన శిష్యుడగు ముల్లా షాను గురువుగా స్వీకరించెను. పిమ్మట హిందూ యోగులతో గోష్ఠులు సల్పెను. సూఫీలును వేదాంతులును వేర్వేరు మాటలలో ఒకే సత్యమును చెప్పుచున్నారని అతనికి తోచెను. ఆ భావమును వివరించుచు ఒక చిన్న గ్రంథము రచించి, రెండు సముద్రముల సంగమము అను అర్థము గల పేరు దానికి పెట్టెను. 1657లో కాశీ పండితులను, సన్న్యాసులను రప్పించి, వారి సాయమున సుమారు ఏబది ఉపనిషత్తులను పారసీక భాషలోనికి అనువదించెను. ఇంత చేసియు అతడు తన మతమును విడువలేదు. ఉపనిషత్తులు ఖురాను బోధను విశదపరచునని అతని విశ్వాసము.

ఆ యేడే షాజహాను వ్యాధిగ్రస్తుడయ్యెను. రాజ్యమునకై సోదరుల నడుమ పోరు చెలరేగెను. 1658లో ఆగ్రా సమీపమున సాముగఢ్ వద్ద ఔరంగజేబు, మురాదు కలసి దారా నెదిరించిరి. పోరు ముమ్మరముగా సాగుచుండగా దారా ఏనుగు దిగి గుఱ్ఱమెక్కెను. శూన్యమైన అంబారీని చూచి, ప్రభువు మడిసెనని భ్రమించి సైనికులు చెదరిపోయిరి.

ఓడిన దారా ఊరూర తలదాచుకొనుచు పారసీక దేశమువైపు సాగెను. త్రోవలో భార్య నాదిరా బాను మరణించెను. తనకు మిగిలిన సైనికులను తోడిచ్చి ఆమె దేహమును లాహోరుకు పంపి, దారా దాదాపు ఒంటరి యయ్యెను. పూర్వము తాను మరణశిక్షనుండి కాపాడిన మాలిక్ జీవన్ అను సర్దారును ఆశ్రయించెను. ఆ కృతఘ్నుడే అతనిని శత్రువులకు పట్టియిచ్చెను.

మాసిన వస్త్రములతో దారాను ఏనుగుపై ఢిల్లీ వీధులలో త్రిప్పిరి. చూచిన ప్రజలు కన్నీరు కార్చిరి. అతడు మతభ్రష్టుడని నేరము మోపి, 1659లో వధించిరి.

నిజముగా మతమే ఈ కలహమునకు మూలమా? హిందూ రాజులు ఇరుపక్షములను చేరియుండిరి. ఔరంగజేబునకు తోడ్పడిన మురాదుపై మతద్రోహమను నింద లేదు. అయినను అతడును చెరలో మ్రగ్గి, 1661లో వధింపబడెను. రాజ్యకాంక్ష మతమను ముసుగు ధరించిన తీరు ఇందు తేటపడును.

దారా నేర్పరియైన సేనాని కాడు. రాజ్యమును, ప్రాణమును కోల్పోయెను. కాని అతని ఉపనిషదనువాదము నశింపలేదు. ఆంకెతిల్ దుపెరోన్ అను ఫ్రెంచి పండితుడు దానిని లాటిను భాషలోనికి మార్చి 1801, 1802 సంవత్సరములలో ప్రకటించెను. దానిని చదివి జర్మను తత్త్వవేత్త షోపెన్‌హవర్ ముగ్ధుడయ్యెను. ఇట్లు ఉపనిషత్తుల సందేశము ఐరోపా పండితులకు అందుటకు ఒక ముస్లిము రాకుమారుని శ్రమ కారణమయ్యెను.